క్రోషే సూదిని పట్టుకునే పద్ధతులు

భాగం - 4

విషయక్రమం

4.0 లక్ష్యాలు
4.1 పరిచయం
4.2 సూదిలోని భాగాలు
4.3 సూదిని పట్టుకునే తీరులు
  4.3.1 కలం పట్టు
  4.3.2 కత్తి పట్టు
  4.3.3 మధ్యస్థ పద్ధతులు
4.4 దారం పట్టే చేయి
4.5 ఎడమచేతి వాటం వారు
4.6 పట్టు మారితే కొలత మారుతుందా?
4.7 పట్టు, చేతి ఆరోగ్యం
4.8 అభ్యాసకృత్యం: మీ పట్టును మీరే ఎంచుకోవడం
4.9 సారాంశం
4.10 కీలక పదాలు
4.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: మాదిరి సమాధానాలు
4.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

4.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• క్రోషే సూదిని పట్టుకునే ప్రధాన పద్ధతులను వివరించగలుగుతారు.
• సూది మందానికీ, దారానికీ, పట్టుకూ ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• పట్టు మారినప్పుడు అల్లిక కొలతలో వచ్చే తేడాను లెక్కించగలుగుతారు.
• చేతికి నొప్పి కలగకుండా పనిచేసే పట్టును పరీక్షించి ఎంచుకోగలుగుతారు.

4.1 పరిచయం

గొలుసు వేయడం, కుట్టు వేయడం గురించి గత భాగంలో తెలుసుకొన్నారు. ఆ కుట్లు వేసేటప్పుడు సూదిని ఎలా పట్టుకోవాలన్న సందేహం మీలో చాలామందికి కలిగే ఉంటుంది. ఈ సందేహం సహజమైనదే. అల్లిక వచ్చిన ఇద్దరిని అడిగితే ఇద్దరూ రెండు విధాలుగా చూపిస్తారు. పైగా ఇద్దరూ తమదే సరైన పద్ధతి అంటారు.

క్రోషేలో కుట్లకు నియమాలున్నాయి. సూది ఏ లూపులో దూరాలి, దారాన్ని ఎన్నిసార్లు చుట్టాలి, ఎన్ని లూపుల్లోంచి లాగాలి అన్నది నమూనా నిర్ణయిస్తుంది. సూదిని చేతిలో ఎలా ఉంచుకోవాలన్నది మాత్రం నమూనా చెప్పదు. చక్కగా పూర్తయిన అల్లికను చేతికిస్తే, దానిని అల్లినవారు సూదిని ఎలా పట్టుకొన్నారో ఎంతటి నిపుణులైనా చెప్పలేరు. కాబట్టి 'సరైన పట్టు ఏది?' అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. 'ఈ చేతికి, ఈ సూదికి, ఈ పనికి తగిన పట్టు ఏది?' అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం ఉంది. దాన్ని కనుక్కోవడం ఎలాగో ఈ భాగం చెబుతుంది.

ఇది చిన్న విషయం కాదు. క్రోషే చాలాచోట్ల ఇంటి అలంకరణ కోసం చేసే సరదా పనిగానే మిగలలేదు, జీవనాధారం అయింది. 1845లో మొదలైన మహాకరవు కాలంలో ఐర్లండు స్త్రీలు సన్నని దారంతో లేసు అల్లి కుటుంబాలను పోషించుకొన్నారు. మన గోదావరి డెల్టాలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ప్రవేశించిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల గ్రామాల్లో ఇంటింటి పని అయింది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల శ్రమపై రాసిన గ్రంథం 1982లో వెలువడింది. ఎగుమతి మార్కెట్టు కోసం గంటల తరబడి చేసే ఈ పనిని 'తీరిక వేళల్లో చేసే పని'గా లెక్కగట్టడాన్ని ఆమె అందులో విమర్శించారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. రోజుకు అరగంట అల్లేవారికి పట్టు ఎలా ఉన్నా పెద్దగా తేడా రాకపోవచ్చు. రోజూ గంటల తరబడి, ఏళ్ళ తరబడి అల్లేవారికి మాత్రం చేతి ఆరోగ్యమూ, సంపాదనా రెండూ పట్టు మీద ఆధారపడతాయి.

గమనిక: ఈ భాగాన్ని సూది, దారం దగ్గర పెట్టుకొని చదవండి. ప్రతి పద్ధతినీ చదివిన వెంటనే చేసి చూడండి.

4.2 సూదిలోని భాగాలు

పట్టును అర్థం చేసుకోవడానికి ముందు సూదిని ఒకసారి పరిశీలించండి. కొసన దారాన్ని అందుకొనే కొక్కెం ఉంటుంది. కొక్కెం కింద సన్నబడిన భాగం మెడ. దాని తరవాత ఒకే మందంతో సాగే భాగం కాడ. కుట్టు పరిమాణాన్ని నిర్ణయించేది ఈ కాడే. సూది మీద మిల్లీమీటర్లలో ఉండే సంఖ్య కాడ మందాన్నే తెలుపుతుంది. చాలా సూదులకు కాడ దిగువన కొద్దిగా నొక్కినట్లు చదునైన చోటు ఉంటుంది. అది బొటనవేలి ఆనుడు. మిగిలినది పిడి.

బొటనవేలి ఆనుడు వల్ల రెండు ఉపయోగాలున్నాయి. సూది వేళ్ళ మధ్య దొర్లిపోకుండా ఉంటుంది. కొక్కెం ఎటు తిరిగి ఉందో చూడకుండానే వేలికి తెలుస్తుంది. ఏ పట్టులోనైనా బొటనవేలు ఇక్కడే ఉండాలి. కొత్తగా నేర్చుకొనేవారు సూది జారిపోతుందన్న భయంతో వేళ్ళను ఇంకా ముందుకు, కొక్కెం దగ్గరికి జరుపుతుంటారు. అప్పుడు లూపులు కాడ మీదికి రావడానికి చోటు లేక మెడ దగ్గరే ఆగిపోతాయి. మెడ సన్నం కాబట్టి లూపులు చిన్నవై, తరవాతి వరుసలో సూది దూరదు. 'నా అల్లిక మరీ బిగుసుకుపోతోంది' అనేవారు ముందుగా చూసుకోవలసింది తమ వేళ్ళు ఎక్కడున్నాయో.

4.3 సూదిని పట్టుకునే తీరులు

4.3.1 కలం పట్టు

పేరులోనే ఉన్నట్లు ఇది కలం పట్టుకొన్నట్లు పట్టుకోవడం. బొటనవేలు, చూపుడువేలు ఆనుడు దగ్గర సూదికి చెరోవైపు ఉంటాయి. మధ్యవేలు కింద ఆసరాగా ఉంటుంది. పిడి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చేతి వంపు మీదుగా చేతి పైభాగానికి వస్తుంది. అరచేయి మీ వైపు తిరిగి ఉంటుంది.

ఈ పట్టులో కదలిక ప్రధానంగా వేళ్ళది. రాసేటప్పుడు అక్షరానికి వంపు తెచ్చే చిన్న కదలికలే ఇక్కడా పనిచేస్తాయి. కొక్కెం పూర్తిగా కనబడుతుంది. సన్నని నూలు దారంతో, ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉన్న ఉక్కు సూదితో లేసు అల్లేటప్పుడు కావలసింది ఇలాంటి సున్నితమైన కదలికే. అక్కడ బలంతో పని లేదు. కంటికి కనబడీ కనబడని లూపులో కొక్కెం సూటిగా దూరాలి, అంతే.

దీనికి పరిమితి కూడా ఉంది. సన్నని పిడిని రెండు వేళ్ళ కొసలతో నొక్కి పట్టుకోవడానికి ఎక్కువ బలం పెట్టవలసి వస్తుంది. దారం లావుగా, బరువుగా ఉంటే ఆ భారమంతా బొటనవేలి మొదలు మీద పడుతుంది.

4.3.2 కత్తి పట్టు

ఇంగ్లీషు పుస్తకాల్లోని 'నైఫ్ గ్రిప్' ఇది. కత్తిపీట మీద కూరలు తరిగే ఇళ్ళలో పెరిగినవారికి ఈ పేరు చప్పున బోధపడదు. బల్ల మీద భోజనం చేస్తూ పళ్ళెంలోని రొట్టెను కోసే చిన్న చాకును పట్టుకొనే తీరు నుంచి ఈ పేరు వచ్చింది. మన వంటింటి నుంచి పోలిక కావాలంటే అట్లకాడ పట్టుకొని పెనం మీది అట్టును తిరగేయడం గుర్తుచేసుకోండి. చేయి పైనుంచి వస్తుంది. పిడి అరచేతి కింద ఒదుగుతుంది. బొటనవేలు ఒక పక్కన ఆనుడు మీద, చూపుడువేలు పైన లేదా రెండో పక్కన ఉంటాయి. మిగిలిన మూడు వేళ్ళు పిడి చుట్టూ వదులుగా ముడుచుకొంటాయి.

ఇందులో వేళ్ళు సూదిని నిలిపి ఉంచుతాయి. కదలిక మణికట్టు నుంచి, ముంజేతి నుంచి వస్తుంది. ముంజేతి కండరాలు అరచేతిలోని చిన్న కండరాల కంటే పెద్దవి. అందుకే 5, 6 మిల్లీమీటర్ల సూదితో ఊలు శాలువా, 8 మిల్లీమీటర్లు దాటిన సూదితో దుప్పటి, చాప వంటివి అల్లేటప్పుడు చాలామందికి ఈ పట్టు హాయిగా ఉంటుంది. పొడవాటి సూది మీద వరుసకు సరిపడా లూపులన్నీ నిలిపి ఉంచే ట్యునీషియన్ క్రోషేలో పిడిని చేతి మీదుగా వాల్చడం కష్టం. కాబట్టి అందులో ఈ పట్టే ఎక్కువగా వాడతారు.

దీని పరిమితి ఏమిటంటే, మణికట్టు అదేపనిగా మెలితిరిగే ప్రమాదం. ప్రతి కుట్టుకూ మణికట్టును బాగా లోపలికి వంచి తిప్పేవారు త్వరగా అలసిపోతారు. మణికట్టును ముంజేతితో ఒకే వరుసలో ఉంచి, సూదిని కొద్దిగా మాత్రమే తిప్పితే చాలు.

4.3.3 మధ్యస్థ పద్ధతులు

నిజానికి చాలామంది చేతులు ఈ రెండు పద్ధతులకు మధ్య ఎక్కడో ఉంటాయి. కత్తి పట్టులోనే చూపుడువేలిని సూది మీదుగా ముందుకు చాచి, కొక్కెం దగ్గర ఉన్న లూపులను జారిపోకుండా ఆపేవారున్నారు. కలం పట్టులోనే పిడి కొసను అరచేతిలోకి దించి, చిటికెన వేలితో ఆపేవారున్నారు. బొటనవేలిని పక్కన కాకుండా సూదిపైన ఉంచేవారూ ఉన్నారు. ఇవి తప్పులు కావు. పుస్తకంలోని రెండు పేర్లు దారి చూపే గుర్తులు మాత్రమే. మీ చేయి వాటి మధ్య ఎక్కడ ఆగినా నష్టం లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - I
సూచన: అ) సమాధానాలను మీ నోటుపుస్తకంలో రాయండి. ఆ) ఈ భాగం చివర ఇచ్చిన సమాధానాలతో పోల్చి చూసుకోండి.
1. కుట్టు పరిమాణాన్ని నిర్ణయించే సూది భాగం ఏది?
2. కలం పట్టులో, కత్తి పట్టులో కదలిక ప్రధానంగా ఎక్కడి నుంచి వస్తుంది?

4.4 దారం పట్టే చేయి

సూది పట్టిన చేతిని మాత్రమే చూసి పట్టును అంచనా వేయడం పొరపాటు. క్రోషేలో రెండు చేతులూ పనిచేస్తాయి. కుడిచేతి వాటం వారికి ఎడమచేయి మూడు పనులు చేస్తుంది: ఉండ నుంచి వచ్చే దారాన్ని అదుపులో ఉంచుతుంది, కొక్కేనికి దారాన్ని అందిస్తుంది, అల్లిన భాగాన్ని పట్టుకొంటుంది.

సాధారణంగా దారాన్ని చిటికెన వేలి చుట్టూ ఒక చుట్టు తిప్పి, మధ్య వేళ్ళ కిందుగా తెచ్చి, చూపుడువేలి మీదుగా వదులుతారు. బొటనవేలు, మధ్యవేలు కలిసి అల్లికను కొక్కేనికి దగ్గరగా పట్టుకొంటాయి. నున్నగా జారే దారానికి చిటికెన వేలి మీద రెండు చుట్లు కావలసి రావచ్చు. గరుకైన ఊలుకు చుట్టు లేకుండా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చినా చాలు. కొందరు దారాన్ని కూడా సూది పట్టిన చేత్తోనే విసిరినట్లు చుట్టుకొంటారు. ఇది నెమ్మదిగా సాగే పద్ధతే కానీ కుట్టు మాత్రం చక్కగానే పడుతుంది.

దారం బిగువు నిలకడగా లేకపోతే దాన్ని సూది పట్టుతో సరిదిద్దాలని చేయి తెలియకుండానే ప్రయత్నిస్తుంది. దారం వదులైతే కొక్కెంతో గట్టిగా లాగుతాం. దారం బిగిస్తే సూదిని ఇంకా గట్టిగా నొక్కుతాం. కుడిచేయి నొప్పి పెడుతోందనేవారు ముందుగా ఎడమచేతిలోని దారాన్ని చూసుకోవాలని చెప్పేది ఇందుకే.

4.5 ఎడమచేతి వాటం వారు

ఎడమచేతి వాటం ఉన్న పిల్లలను 'ఆ చేత్తో వద్దు' అని వారించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. అల్లికలో ఈ వారింపునకు ఆధారం లేదు. పైన చెప్పిన పద్ధతులన్నీ ఎడమచేతికీ వర్తిస్తాయి. సూది ఎడమచేతిలో, దారం కుడిచేతిలో ఉంటాయి. వరుస కుడి నుంచి ఎడమకు కాకుండా ఎడమ నుంచి కుడికి సాగుతుంది. గుండ్రంగా అల్లేటప్పుడు కుడిచేతి వాటం వారి అల్లిక గడియారపు ముళ్ళకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఎడమచేతి వాటం వారిది గడియారపు ముళ్ళ దిశలోనే తిరుగుతుంది.

నేర్చుకొనేటప్పుడు కుడిచేతి వాటం వారికి పక్కన కాకుండా ఎదురుగా కూర్చోండి. అప్పుడు వారి చేయి మీకు అద్దంలోని ప్రతిబింబంలా కనబడుతుంది. నమూనా చిత్రాన్ని కూడా అద్దంలో చూసినట్లు తిప్పి చదువుకోవాలి. సౌష్ఠవం ఉన్న పువ్వులకు, పలకలకు దీనివల్ల ఇబ్బంది ఉండదు. అక్షరాలు, ఒకే వైపు తిరిగిన పక్షులు వంటి బొమ్మలున్నప్పుడు మాత్రం ముందే సరిచూసుకోండి. లేకపోతే అక్షరాలు తిరగబడతాయి.

4.6 పట్టు మారితే కొలత మారుతుందా?

మారవచ్చు. కారణం ఇది. సూదిని లూపులో దూర్చి దారాన్ని వెనక్కి తెచ్చినప్పుడు ఏర్పడే మొదటి లూపు ఎత్తే కుట్టు ఎత్తును చాలావరకు నిర్ణయిస్తుంది. ఆ క్షణంలో కొందరి చేయి పైకి లేస్తుంది, కొందరిది ఉన్నచోటే ఉంటుంది, కొందరిది కిందికి లాగుతుంది. లేచిన చేతికి కుట్టు పొడుగవుతుంది. లాగిన చేతికి కుట్టు పొట్టిగా, బిగువుగా వస్తుంది. పట్టు మారినప్పుడు ఈ కదలిక కూడా మారుతుంది కాబట్టి అదే సూదితో, అదే దారంతో వేరే కొలత రావచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పట్టుతో 20 కుట్లు 10 సెంటీమీటర్లు వచ్చాయనుకొందాం. మరో పట్టుతో అవే 20 కుట్లు 9 సెంటీమీటర్లు వచ్చాయనుకొందాం. తేడా ఒక్క సెంటీమీటరే. కానీ 240 కుట్ల వెడల్పు గల బల్లగుడ్డ మొదటి పట్టుతో 120 సెంటీమీటర్లు, రెండో పట్టుతో 108 సెంటీమీటర్లు వస్తుంది. బల్ల అంచు దాటి వేలాడవలసిన గుడ్డ బల్ల మీదే ఆగిపోతుంది.

పనిని పంచుకొని చేసేచోట ఈ లెక్క ఇంకా ముఖ్యం. నరసాపురం ప్రాంతపు లేసు పనిలో పువ్వులు, పలకలు అల్లేవారు ఒకరైతే వాటిని కలిపే అతుకుపని చేసేవారు మరొకరు. 12 పలకలు ఒక వరుసగా అతకాలి. ఒక్కొక్క పలక 10 సెంటీమీటర్లకు బదులు 9.5 సెంటీమీటర్లు ఉంటే వరుస మొత్తం 6 సెంటీమీటర్లు తగ్గుతుంది. కొన్ని పలకలు 10, కొన్ని 9.5 అయితే అతికిన గుడ్డ ముడతలు పడుతుంది. అప్పుడు అల్లిన శ్రమంతా వృథా అవుతుంది.

దీని నుంచి మనం గ్రహించవలసింది 'అందరూ ఒకే పట్టు పట్టాలి' అని కాదు. ఒక వస్తువు మొదలుపెట్టాక అది పూర్తయ్యేదాకా మీ పట్టును మార్చకండి. కొలత తేడా వస్తే పట్టును కాదు, సూది పరిమాణాన్ని మార్చండి. బిగువుగా అల్లేవారు ఒక పరిమాణం పెద్ద సూదిని, వదులుగా అల్లేవారు ఒక పరిమాణం చిన్న సూదిని తీసుకొంటే ఇద్దరి పలకలూ సమానమవుతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - II
3. ఒక పట్టుతో 20 కుట్లు 10 సెం.మీ., మరో పట్టుతో 8 సెం.మీ. వచ్చాయి. 100 కుట్ల వెడల్పులో తేడా ఎంత?
4. కొలత సరిపోనప్పుడు మొదట మార్చవలసింది ఏమిటి?

4.7 పట్టు, చేతి ఆరోగ్యం

నేను బోధించిన తరగతుల్లో అల్లిక మధ్యలో మానేసినవారిని కారణం అడిగితే 'నాకు రాదు' అన్నవారు కొద్దిమందే. 'చేయి లాగేస్తోంది' అన్నవారే ఎక్కువ. వారిలో చాలామంది సూదిని అవసరానికి మించి బిగించి పట్టుకొన్నవారే. అందుచేత ఈ విషయాన్ని శ్రద్ధగా చదవండి.

మణికట్టు లోపలివైపు ఒక ఇరుకైన సొరంగం వంటి మార్గం ఉంది. వేళ్ళను ముడిచే స్నాయుబంధాలు, మధ్యస్థ నాడి దానిలోంచే వెళతాయి. మణికట్టును బాగా వంచి ఉంచి, వేళ్ళను గట్టిగా బిగించి, అదే కదలికను గంటల తరబడి చేస్తే ఆ మార్గంలో ఒత్తిడి పెరిగి నాడి నలుగుతుంది. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో ఒక సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రివేళ ఈ తిమ్మిరి ఎక్కువ కావడం దీని ముఖ్య లక్షణం. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తే అక్కడి స్నాయుబంధాల తొడుగు వాచిందని అనుమానించాలి. ఇలాంటి లక్షణాలు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే వైద్యులకు చూపించుకోవాలి. 'అలవాటు అయితే అదే పోతుంది' అని ఓర్చుకోవడం మంచిది కాదు.

నివారణకు కింది అంశాలు పాటించండి:
1. మణికట్టును ముంజేతితో తిన్నగా ఉంచండి. మోచేతికి దిండు ఆసరా ఇవ్వండి.
2. సూది జారిపోకుండా ఉండేంత బలమే పెట్టండి. గోరు తెల్లబడుతోందంటే ఎక్కువగా నొక్కుతున్నారని అర్థం.
3. పిడి సన్నగా ఉంటే మెత్తని గుడ్డ పేలిక చుట్టి దారంతో కట్టి లావు చేసుకోండి. లావైన పిడిని పట్టుకోవడానికి వేళ్ళు తక్కువ బలం పెడితే చాలు. మెత్తని పిడి ఉన్న సూదులు బజారులో దొరుకుతాయి.
4. అరగంటకు ఒకసారి సూది పక్కన పెట్టి వేళ్ళు చాచి, పిడికిలి విప్పి ముడవండి.
5. రెండు పట్టులూ నేర్చుకోండి. ఉదయం లేసు పని కలం పట్టుతో, సాయంత్రం ఊలు పని కత్తి పట్టుతో చేస్తే ఒకే కండరాలపై భారం పడదు.

4.8 అభ్యాసకృత్యం: మీ పట్టును మీరే ఎంచుకోవడం

దూరవిద్యలో మీ చేతిని పక్కన ఉండి చూసే అధ్యాపకులు ఉండరు. కాబట్టి పరీక్షకులు మీరే కావాలి. ఈ కృత్యానికి ఒక గంట పడుతుంది.

1. ఒకే సూది, ఒకే దారం తీసుకోండి. మీకు బాగా వచ్చిన ఒకే కుట్టును ఎంచుకోండి.
2. కలం పట్టుతో 20 కుట్ల వెడల్పున 10 వరుసలు అల్లండి. మొదలుపెట్టిన, ముగించిన సమయాలు రాసుకోండి.
3. పది నిమిషాలు విశ్రాంతి తీసుకొని, కత్తి పట్టుతో మరో ముక్కను అలాగే అల్లండి.
4. రెండు ముక్కల వెడల్పు, ఎత్తు కొలవండి. అంచులు తిన్నగా ఉన్నాయా, కుట్లు సమానంగా ఉన్నాయా చూడండి.
5. ప్రతి ముక్క పూర్తయ్యాక వేళ్ళు, మణికట్టు, భుజం ఎలా ఉన్నాయో ఒక్క వాక్యంలో రాయండి.
6. వీలైతే ఫోనును ఎదురుగా నిలబెట్టి రెండు నిమిషాలు చిత్రీకరించుకోండి. అల్లేటప్పుడు తెలియని మణికట్టు వంపు అందులో స్పష్టంగా కనబడుతుంది.

ఫలితాన్ని మూడు ప్రశ్నలతో తేల్చుకోండి. కుట్లు సమానంగా ఉన్నాయా? చేయి హాయిగా ఉందా? వేగం ఎలా ఉంది? ఈ మూడింటినీ ఈ క్రమంలోనే చూడండి. వేగం అభ్యాసంతో వస్తుంది కాబట్టి దాన్ని చివర ఉంచాం. కొత్త పట్టు మొదటి రోజు ఎవరికైనా వింతగానే ఉంటుంది. కనీసం వారం రోజులు ప్రయత్నించి అప్పుడు నిర్ణయించుకోండి. వింతగా ఉండటం వేరు, నొప్పిగా ఉండటం వేరు. నొప్పి ఉంటే మాత్రం వారం ఆగకండి.

4.9 సారాంశం

క్రోషే సూదిని పట్టుకోవడంలో కలం పట్టు, కత్తి పట్టు ప్రధానమైనవి. చాలామంది పట్టు వీటి మధ్య ఎక్కడో ఉంటుంది. సన్నని సూదికి, లేసు దారానికి వేళ్ళ కదలిక గల కలం పట్టు, లావు సూదికి, బరువైన దారానికి ముంజేతి బలం గల కత్తి పట్టు సాధారణంగా అనుకూలం. దారం పట్టిన చేయి సరిగా లేకపోతే సూది పట్టిన చేయి అలసిపోతుంది. ఎడమచేతి వాటం వారికి అన్ని పద్ధతులూ అద్దంలోని ప్రతిబింబంలా వర్తిస్తాయి. పట్టు మారితే కొలత మారవచ్చు కాబట్టి ఒక వస్తువును ఒకే పట్టుతో పూర్తిచేయాలి. సమానమైన కుట్లు వేస్తూ, చేతిని బాధించని పట్టు ఏదైనా సరైన పట్టే. ఇంట్లో ఎవరైనా 'అలా కాదు పట్టుకోవడం' అంటే మీరు అల్లిన ముక్కనూ, నొప్పి లేని మీ చేతినీ చూపించండి.

4.10 కీలక పదాలు

ఆనుడు: సూది మీద బొటనవేలు ఉంచడానికి చదునుగా చేసిన చోటు.
కాడ: కుట్టు పరిమాణాన్ని నిర్ణయించే సూది భాగం.
బిగువు: అల్లేటప్పుడు దారం మీద ఉండే లాగుడు.
అతుకుపని: విడివిడిగా అల్లిన పువ్వులను, పలకలను కలిపి ఒక వస్తువుగా చేయడం.

4.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: మాదిరి సమాధానాలు

1. కాడ.
2. కలం పట్టులో వేళ్ళ నుంచి, కత్తి పట్టులో మణికట్టు, ముంజేతి నుంచి.
3. మొదటి పట్టుతో 50 సెం.మీ., రెండో పట్టుతో 40 సెం.మీ. తేడా 10 సెం.మీ.
4. సూది పరిమాణం.

4.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కలం పట్టు, కత్తి పట్టులను పోల్చి, ఏ పనికి ఏది అనుకూలమో కారణాలతో వివరించండి.
2. క్రోషే పనివారి చేతి ఆరోగ్యానికీ, సూదిని పట్టుకొనే తీరుకూ గల సంబంధాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. దారం పట్టే చేయి చేసే పనులేవి?
2. పనిని పంచుకొని చేసే లేసు అల్లికలో కొలత నిలకడ ఎందుకు ముఖ్యం?
3. ఎడమచేతి వాటం వారికి క్రోషే నేర్పేటప్పుడు పాటించవలసిన అంశాలు రాయండి.